అమ్మకి నేనే గార్డియన్ని

లోకంలో తల్లులు కూతుళ్ళను హాస్టల్లో దింపి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ బస్సెక్కుతారు. మా ఇంట్లో అది తిరగబడింది. కిందటేడు శ్రావణంలో మా అమ్మను నేను హాస్టల్లో దింపాను. పెట్టె, బిందె, చుట్ట చుట్టిన పరుపు ఆటోలో ఎక్కించి, వెనక స్కూటీ మీద నేను. కళ్ళొత్తుకున్నదీ నేనే. అమ్మ మాత్రం గేటు దగ్గర నిలబడి, "బేగి ఎల్లిపో. మీ నాన్న డ్యూటీ దిగొచ్చీసరికి అన్నం ఒండాల" అని చెప్పి, వెనక్కి చూడకుండా లోపలికి నడిచిపోయింది.

మాది ఎలమంచిలి దగ్గర పల్లె. నాన్న కొండలరావుకి స్టీల్‌ప్లాంటు రోలింగ్ మిల్లులో ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ ప్లాంటు క్వార్టర్సులోనే ఉంటున్నాం. ఇంట్లో ఉండేది నాన్న, అమ్మ, నాన్న తల్లి చిలకమ్మ, నేను. నాకు మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. అమ్మ పేరు ధనలక్ష్మి. ఇంటర్ మధ్యలో ఉండగా పెళ్ళయిపోయింది. తర్వాత ఇంట్లోనే ఉండి ఇంటరూ, డిగ్రీ ప్రైవేటుగా కట్టి పూర్తి చేసింది. ఎప్పుడు చదివిందో మాకెవరికీ తెలియదు. నేను స్కూల్లో ఉన్నప్పుడు చదివి ఉంటుందనుకున్నాను. నాన్నయితే అసలు అనుకోనే లేదు.

డిగ్రీ అయ్యాక ఊరుకుంటుందనుకుంటే, యూనివర్సిటీ ఎంట్రన్స్ రాసింది. లైబ్రరీ సైన్సులో సీటొచ్చింది. అయితే అది ఒక షరతు మీద వచ్చిన సీటు. ఆ యూనివర్సిటీ లోపల ఆడవాళ్ళ కోసం ఒక నివాస కళాశాల ఉంది. పేరుకు కాలేజీయే గానీ అక్కడ పాఠాలు చెప్పరు. పాఠాలు ఎవరి డిపార్టుమెంటులో వాళ్ళకి. ఉండడం, తినడం, చదువుకోవడం, పోట్లాడుకుని మళ్ళీ కలిసిపోవడం మాత్రం అందరికీ ఆ కాలేజీలోనే. ఫిజిక్సు పిల్ల, లా చదివే పిల్ల, చేపల పెంపకం చదివే పిల్ల ఒకే గదిలో ఉంటారు. మధ్యలో చదువాగిపోయిన ఆడవాళ్ళ కోసం ఆ కాలేజీ ఏటా కొన్ని సీట్లు అట్టేపెడుతుంది. అమ్మకు దొరికింది అందులో ఒకటి. ఆ సీటు కావాలంటే అక్కడే కాపురం ఉండాలి. రోజూ వెళ్ళొస్తానంటే ఒప్పుకోరు.

ఈ సంగతి విని నాన్న మొదట నవ్వాడు. అమ్మ నవ్వకపోయేసరికి తనూ మానేశాడు. కూతురికి సంబంధాలు చూడాల్సిన వయసులో పెళ్ళాన్ని హాస్టల్లో వేశాడంటే ఊళ్ళో చెవులు కొరుక్కుంటారన్నాడు. మిల్లులో వాళ్ళకి ఏమని చెప్పుకోవాలన్నాడు. నానమ్మనెవరు చూస్తారన్నాడు. నన్నెవరూ చూడక్కర్లేదని నానమ్మ మధ్యలో అడ్డు తగిలితే ఆవిడ మీద కూడా ఎగిరాడు. అమ్మ మాత్రం బజారుకెళ్ళి పెట్టెకి తాళం కొనుక్కొచ్చుకుంది. చేరే రోజు నాన్న కావాలని ఓవర్‌టైం వేయించుకుని ప్లాంటుకి పోయాడు.

అందుకని ఆఫీసులో గార్డియన్ ఎవరని అడిగినప్పుడు అమ్మ నా వైపు చూసింది.

"ఈ పిల్లే, హేమశ్రీ" అంది.

ఆ కాలేజీ ప్రిన్సిపాల్ కామేశ్వరి మేడం కళ్ళజోడు పైకి తోసుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. టర్ము పూర్తయ్యేదాకా రాత్రిళ్ళు బయట ఉండడానికి లేదనీ, ఇంటికి వెళ్ళాల్సి వస్తే సెలవు చీటీ మీద గార్డియన్ సంతకం ఉండాలనీ, ఏ తండ్రికి చెప్పినట్టో అంత శ్రద్ధగా నాకు చెప్పింది. నేను సంతకం పెట్టాను.

ఆ తర్వాత మా ఇంటి సంగతి చెప్పుకుంటే సిగ్గు చేటు. ఇద్దరు సంపాదించేవాళ్ళం ఉండి, చారు పెట్టడం ఇద్దరికీ రాదు. నాన్న పెట్టిన చారు తాగి నానమ్మ, ఇది ప్లాంటులో ఇనుము చల్లార్చిన నీళ్ళలా ఉందిరా అంది. నాన్న అలిగి రెండ్రోజులు క్యాంటీన్లో తిన్నాడు. మూడో రోజు మళ్ళీ ఇంట్లోనే చారు పెట్టి, ఉప్పు సరిపోయిందా అని నన్ను చాటుగా అడిగాడు. కానీ అమ్మ ఊసెత్తితే మాత్రం లేచిపోయేవాడు. ఒక్క ఆదివారం కూడా కాలేజీ గుమ్మం తొక్కలేదు. నేనే ఆఫీసు అయ్యాక కొండ దాటి వెళ్ళి చూసొచ్చేదాన్ని.

ఆ కాలేజీ కొండవాలులో ఉంటుంది. మెస్సు వెనక మనిషెత్తు పుట్ట ఒకటుంది. ఎన్నిసార్లు చదును చేస్తామని వచ్చినా పిల్లలు ఒప్పుకోలేదట. మెస్సు హాల్లో ఒక చివర సిమెంటు అరుగు. ఆ కాలేజీ ఆచారమంతా ఆ అరుగు మీదే ఉంది. శనివారం శనివారం భోజనాలకు ముందు కొత్తగా చేరినవాళ్ళలో ఒకరు అరుగెక్కి, తనకు తెలిసిన సంగతి ఏదో ఒకటి, కాగితం చూడకుండా అందరికీ చెప్పాలి. ఏ సంగతైనా ఫర్వాలేదు. ఒక అమ్మాయి నక్షత్రాల గురించి చెప్పిందట, ఇంకో అమ్మాయి దూడను ఈనించడం గురించి చెప్పిందట. అరుగెక్కేదాకా ఆ మనిషి ఆ కాలేజీకి చుట్టమే. చుట్టాలు కూర్చుని తినాలి, పాతవాళ్ళు వడ్డించాలి. అరుగెక్కి దిగిన మనిషి ఇంటిమనిషి. ఆ పూటే బకెట్టు పట్టుకుని అందరికీ వడ్డిస్తుంది. టర్ము చివరికి కూడా అరుగెక్కకపోతే చుట్టం చుట్టంలాగే పెట్టె సర్దుకుని వెళ్ళిపోవాలి.

మా అమ్మ మొదటి రోజే ఈ ఆచారాన్ని మంటగలిపింది. పిల్లలు తిని లేస్తూ ఉంటే కూర్చోలేక, వంటగదిలోకి దూరి పప్పు గిన్నె పట్టుకొచ్చి అందరికీ వడ్డించేసింది. కంచాలు కూడా కడగబోయింది. ఇంకోచోట పిల్లలైతే సంతోషించేవాళ్ళేమో గానీ ఇక్కడ అందరూ ఉన్నచోటే ఆగిపోయారట. అమ్మ గదిలోనే ఉండే ఆశాజ్యోతి, పాడేరు వైపు పిల్ల, లా రెండో సంవత్సరం, వచ్చి అమ్మ చేతిలో గిన్నె తీసేసుకుని, మీరింకా అరుగెక్కలేదు పిన్నీ, కూర్చోండి అందట. అమ్మకది తల కొట్టేసినట్టయింది. పుట్టింట్లో, అత్తింట్లో ఎక్కడా ఎవరూ ఆవిడని కూర్చోమని చెప్పలేదు మరి. కూర్చోవడం కూడా ఒక పనేనని అమ్మ నేర్చుకోవడానికి నెల పట్టింది.

అరుగెక్కడం మాత్రం నేర్చుకోలేకపోయింది. అమ్మది మొదట్నుంచీ చిన్న గొంతు. పక్కనున్నవాళ్ళకు తప్ప వినపడదు. మార్కెట్లో బేరం కూడా చెవిలో చెప్పినట్టు ఆడుతుంది. భాద్రపదంలో వంతు వస్తే జ్వరమంది. ఆశ్వయుజంలో వస్తే పరీక్షంది. పిల్లలు గొడవ చెయ్యకుండా ఆవిడ వంతు వెనక్కి జరుపుతూ పోయారు. జరిపి జరిపి టర్ము పరీక్షలకు ముందున్న ఆఖరి శనివారానికి తెచ్చారు. ఇక జరపడానికి శనివారాలు లేవు. ఆ శనివారమే నాగుల చవితి పడింది.

మా వైపు నాగుల చవితంటే తక్కిన పండగలన్నీ దాని తర్వాతే. కోడలు ఒక్కపొద్దుండి పుట్టలో పాలు పొయ్యాలి. అమ్మ కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఒక్క చవితీ తప్పలేదు. ఆ వారంలో ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, నాన్న నానమ్మతో చెబుతున్న మాట గుమ్మంలోనే వినపడింది.

"సవితికి ఎలాగూ ఒత్తాది గదా. ఒచ్చినాక మళ్ళీ పంపీదేటి లేదు. సరదా తీరిపోయింది, సాలు."

నన్ను చూసి ఆగలేదు. నా వైపు తిరిగి, గార్డియన్వి నువ్వే గదా, సెలవు చీటీ మీద సంతకం పెట్టి మీ అమ్మను తీసుకురా అన్నాడు. నానమ్మ నువ్వులు ఏరుకుంటోంది.

మర్నాడు కాలేజీకి వెళితే అమ్మ చీటీ రాసి సిద్ధంగా పెట్టుకుంది. అత్త ముఖం చూసైనా వెళ్ళక తప్పదు, పండగ కదా, నాగన్నతో పరాచికాలా అని నెమ్మదిగా చెబుతోంది. నాకు ఒళ్ళు మండింది. నాన్న అన్నమాట ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇంటికొస్తే మళ్ళీ పంపడన్నాను. అమ్మ కాసేపు చీటీ వంకే చూస్తూ కూర్చుంది. నేను భయపడింది ఆ చూపుకే. అందులో దిగులుంది, నిజమే, కానీ మూల ఎక్కడో కొంచెం ఊరట కూడా ఉంది. ఇంటికెళ్ళిపోతే అరుగెక్కనక్కర్లేదు.

ఆరో తరగతిలో లెక్కల పరీక్ష రోజు నేను కడుపునొప్పని పడుకుంటే, అమ్మ దుప్పటి లాగేసి, రిబ్బన్లు కట్టి, నొప్పిని స్కూల్లో దింపిరా అని పంపింది. ఆ సంగతి గుర్తు చేశాను.

"నేను సంతకం పెట్టనమ్మా. గార్డియన్ని. నాకిష్టం లేదు" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. నవ్వాలో కోప్పడాలో తెలియక, చీటీని నాలుగు మడతలు పెట్టి పరుపు కింద తోసేసింది.

ఇంటికొచ్చి చెబితే నాన్న మండిపడతాడని తెలుసు. మండిపడ్డాడు. ఆడపిల్లని చదివించినందుకు ఇదా అన్నాడు. ఇంటి కోడలు లేకుండా ఇంట్లో చవితేమిటన్నాడు. నానమ్మ చేటలో నువ్వులు చెరగడం ఆపింది.

"ఆ కాలేజీ కాడ పుట్టుందన్నావు గదే" అని నన్నడిగింది.

"ఉంది నానమ్మా. మెస్సు వెనకాల."

"మరింకేటి? పాలు పొయ్యడానికి కోడలుండాల, పుట్టుండాల. రెండూ అక్కడే ఉన్నాయి. ఇక్కడేటున్నాది? మనవే అక్కడికెల్దాం."

కాలేజీలో పుట్టపూజేమిటమ్మా, నలుగురూ నవ్వుతారని నాన్న గింజుకున్నాడు.

"నవ్వితే పళ్ళు కనిపిత్తాయి. నువ్వు పాలక్యాను పట్టుకో" అంది నానమ్మ. అదే ఆ ఇంట్లో చివరి మాట.

శనివారం మద్దిలపాలెంలో బస్సు మారి మధ్యాహ్నం కాకముందే చేరుకున్నాం. నానమ్మ ఒడిలో నువ్వుల చిమ్మిలి డబ్బా, నా చేతిలో చలివిడి, వడపప్పు, నాన్న చేతిలో పాలక్యాను. గేటు కాపలా ఉండే పోతమ్మ ఎవరు కావాలని అడిగితే నాన్న పక్కకు చూశాడు, నేనే చెప్పాను. అమ్మ తలంటుకుని, పసుపు చీర కట్టుకుని ఎదురొచ్చింది. అత్తను చూసి ఆగిపోయింది. నానమ్మ ఆవిడని పైనుంచి కిందికి చూసి, మెస్సు తిండికి ఒళ్ళు చేశావే అంది. అది మా నానమ్మ నోట మెచ్చుకోలే.

పుట్ట దగ్గర నలుగురమే అనుకున్నాం. పాలు పొయ్యడం మొదలు పెట్టేసరికి వెనక ఒక్కొక్కరే చేరారు. ఇంటికి వెళ్ళలేకపోయిన ఉత్తరాంధ్ర పిల్లలంతా ఒక్కపొద్దుండి, ఎక్కడికి పోవాలో తెలియక గదుల్లో కూర్చున్నారట. నానమ్మకి పండగంటే పండగే అయింది. ఒక్కొక్కరి చేతా పాలు పోయించింది, పుట్టమన్ను తీసి ఒక్కొక్కరి చెవికీ రాసింది. కామేశ్వరి మేడం చూడ్డానికొస్తే ఆవిడ చెవికీ రాసేసింది. మేడం తల వంచి రాయించుకుంది. నాన్న ఖాళీ క్యాను పట్టుకుని ఒక పక్కన నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయన ఈ చోటు గురించి ఏదో ఊహించుకుని వచ్చినట్టున్నాడు. ఇది అలా లేదు.

దీపాలు పెట్టాక హాల్లో అందరూ చేరారు. మమ్మల్ని చుట్టాల వరసలో కూర్చోబెట్టారు. అమ్మ అరుగెక్కింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు వేలికి చుట్టుకుంది. నోరు తెరిచింది గానీ మాట మాకు వినపడలేదు. వెనక బల్లల మీద పిల్లలు ముందుకు వంగారు. ఆశాజ్యోతి, వినపడ్డం లేదు పిన్నీ, అని అరవలేదు. మిగతా పిల్లలూ అలాగే వంగి, చెవులొగ్గి ఉన్నారు. వాళ్ళు అలా ఆగడం నాకిప్పటికీ గుర్తుంది. అమ్మ గొంతు సవరించుకుని మళ్ళీ మొదలు పెట్టింది.

"నా పేరు ధనలక్ష్మి. నాను సదువుకున్నది సీ షిఫ్టులో."

ఈసారి మా వరస దాకా వినపడింది.

"మా ఆయనది స్టీల్‌ప్లాంటు. సీ షిఫ్టంటే రాత్రంతా డ్యూటీ. ఎర్రగా కాలిన ఇనుము ముందర తెల్లార్లూ నిలబడి, పొద్దున్నొచ్చి తొంగుంటాడు. ఆ కునుకు సరిగ్గా లేపోతే మిల్లులో సెయ్యో కాలో పోద్ది. అందుకని ఆయన లెగిసీదాకా ఇంట్లో సప్పుడుండకూడదు. కుక్కరెట్టను. మిక్సీ ఎయ్యను. గిన్నెలు తోమను. బట్టలుతకను. నా కూతురొచ్చి అమ్మా అంటే దాని నోటిమీద ఏలెట్టీదాన్ని. మరి సప్పుడు సెయ్యకుండా ఇంట్లో సేసీ పనేటుంటాది, సెప్పండి? ఒక్కటే ఉంటాది. సదువుకోడం."

ఎవరో ఫక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. వేలికి చుట్టుకున్న కొంగు వదిలేసింది.

"ఆయనెంత బాగా తొంగుంటే నాకన్ని పేజీలు. నా ఇంటరూ, నా డిగ్రీ ఆయన నిద్దర్లోనే అయిపోనాయి. ఆయనకే తెల్దు. పిన్ని మాట ఇనపడదని మీరు నన్నాడిపిత్తారు గదా. ఇది మనిషి నిద్దర సెడిపోకుండా దాసిపెట్టుకున్న గొంతు. ఇయాల ఆయన మెలకువగానే ఉన్నాడు. అదిగో, అక్కడ కూకున్నాడు. అందుకని కొంచెం గట్టిగా మాటాడతాను."

ఆ తర్వాత మాట్లాడింది చూడండి. చివరి బల్ల దాకా, గుమ్మంలో నిలబడ్డ పోతమ్మ దాకా వినపడేలా మాట్లాడింది. ఏ పుస్తకం ఏ వారం చదివిందో, నాన్న గురక ఆగితే పుస్తకం ఎక్కడ దాచేదో, ప్లాంటు లైబ్రరీకి వెళ్ళడానికి ఏమని చెప్పేదో అన్నీ చెప్పింది. ఒక్క మాటలోనూ నిష్ఠూరం లేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఆవిడ పక్కనే ఉన్నాను, ఆవిడ నా నోటిమీద వేలు పెట్టినప్పుడల్లా అవతలి చేతిలో పుస్తకం ఉందని నాకు తెలియలేదు.

నాన్న వంక చూడాలంటే భయమేసింది. చూశాను. మొదట కంచంలోకి చూస్తూ ఉన్నాడు. పిల్లలంతా వెనక్కి తిరిగి, ఆ నిద్రపోయిన మనిషెవరా అని ఆయన్ని చూస్తుంటే, నెమ్మదిగా తలెత్తాడు. నడుం నిటారుగా పెట్టాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. పక్కనున్న నానమ్మ, నా కొడుకు నిద్దర ఊరికే పోలేదర్రా అని చుట్టుపక్కల పిల్లలకి చెబుతోంది.

అమ్మ అరుగు దిగగానే ఆశాజ్యోతి పప్పు బకెట్టు తెచ్చి చేతికిచ్చింది. హాలంతా చప్పట్లు. ఏళ్ళ తరబడి చేసిన పనే, కానీ అమ్మ ఆ బకెట్టు అందుకున్న తీరు వేరు. అడిగి, సాధించి తీసుకున్న మనిషి అందుకున్నట్టు అందుకుంది. ఒక్కొక్కరికీ వడ్డిస్తూ మా వరసలోకి వచ్చింది. నాన్న కంచం దగ్గర ఆగి గరిటె నింపింది.

"నీకింత గొంతున్నాదని నాకు తెల్దు" అన్నాడు నాన్న.

"మొహమాటపడకుండా తినండి. సుట్టాలు" అని ఇంకో గరిటె వేసి ముందుకు వెళ్ళిపోయింది.

బయల్దేరే ముందు నాన్న కామేశ్వరి మేడం దగ్గర తచ్చాడాడు. చివరికి చెప్పాడు. గార్డియన్ అన్నచోట పేరు మార్చాలన్నాడు. భర్తను నేనుండగా చిన్నపిల్ల పేరెందుకు మేడం, నాది రాసుకోండి అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడానికి ఎంత దూరం నడిచి రావాల్సి వచ్చిందో నాకు తెలుసు. మేడం అమ్మ వైపు చూసింది.

"ఒద్దు మేడం. గార్డియన్ హేమశ్రీయే" అంది అమ్మ. నాన్న వైపు తిరిగి మెత్తగానే చెప్పింది. "మీరు ఆదివారాలు రండి. సుట్టాలకి సాయంత్రం పూట గేటు తీసుంటాది."

బస్సులో నాన్న ఖాళీ పాలక్యాను ఒళ్ళో పెట్టుకుని కిటికీ బయటకి చూస్తూ కూర్చున్నాడు. చక్కబడిన వ్యవహారం మళ్ళీ చెడిపోయిందేమోనని నాకు బెంగపట్టుకుంది. నానమ్మ మాత్రం నా భుజం మీద తల వాల్చి హాయిగా నిద్రపోయింది.

తర్వాతి వారం నాన్నకి సీ షిఫ్టు. ఆదివారం పొద్దున డ్యూటీ దిగొచ్చి, మామూలుగా పడుకోవాల్సిన మనిషి పడుకోలేదు. స్నానం చేసి, చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని, మిగిలిన చిమ్మిలి డబ్బాలో సర్దుకుని, మాతో చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ సంగతి తర్వాత పోతమ్మే నాకు చెప్పింది. సాయంత్రం కాకముందే వచ్చి, ఎర్రటి కళ్ళతో గేటు దగ్గర నిలబడ్డాడట. ఎవరు కావాలని అడిగితే ఈసారి పక్కకు చూడలేదట.

"ధనలక్ష్మి గారు" అన్నాడట.

ఆవిడకి మీరేటవుతారని పోతమ్మ అడిగింది.

"సుట్టాన్ని" అన్నాడట నాన్న.